ఆవకాయ లెక్కలో యజమాని కూలి ఎక్కడ?

సంపాదకులు గారికి,
నమస్కారం.

వేసవి వచ్చిందంటే పత్రికల్లో స్వయం ఉపాధి కథనాలు వరస కడతాయి. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి నెలకు ఇంత, చిన్న గదిలో పొడులు కొట్టి నెలకు అంత అని రాస్తారు. అవి అబద్ధాలని మేం అనడం లేదు. కిలోకు ఎంత ఖర్చయింది, ఎంతకు అమ్మారు, మధ్యలో ఎంత మిగిలింది అని లెక్క కట్టి, ఆ మిగిలినదానికి లాభం అని పేరు పెడుతున్నారు. గది అద్దె, కరెంటు బిల్లు, అప్పు మీద వడ్డీ, చివరికి పొద్దుటి నుంచి రాత్రి దాకా పచ్చడి కలిపిన మనిషి కూలి, అన్నీ అందులోంచే తీయాలన్న మాట కథనంలో రావడం లేదు. పెట్టిన డబ్బు ఎన్ని నెలలకు తిరిగి చేతికొస్తుందన్న మాట అసలే రావడం లేదు. పచ్చళ్లు, పొడులు తయారుచేసే చిన్న యూనిట్ల లెక్కలు చూసేవాళ్లం మేము. మేం చూసినంతలో యూనిట్లు మూతపడేది రుచి బాగాలేక కాదు, కొనేవాళ్లు లేక కాదు. ఈ రెండు లెక్కలూ ముందే వేసుకోకపోవడం వల్లే. కొత్తగా దిగాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆవకాయ లెక్క ఒకటి పూర్తిగా వేసి పంపుతున్నాం. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. ఇక్కడివి లెక్క కోసం వేసుకున్నవి, ఎవరి ఊళ్లో ధర వాళ్లు వేసుకోవచ్చు.

100 కిలోల కాయతో మొదలుపెడదాం. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి కానివ్వండి, గట్టిగా టెంక కట్టిన పుల్లటి నాటుకాయ కానివ్వండి, కిలో 40 రూపాయలైతే 4,000. తొడిమ దగ్గరి ముక్క, జీడి, లోపలి పొర, కత్తి కింద చితికినవి, మెత్తబడినవి తీసేస్తే 70 కిలోల ముక్క దక్కుతుంది. దానికి కారం 14 కిలోలు, ఆవపిండి 14, ఉప్పు 13, నువ్వుల నూనె 29 కిలోలు పడతాయి. కారం కిలో 250 చొప్పున 3,500, ఆవపిండి 150 చొప్పున 2,100, ఉప్పు 325, నూనె 350 చొప్పున 10,150, మెంతులకూ వెల్లుల్లికీ 700. కాయ కడిగి, తుడిచి, కోసి, కలిపి, మూడో రోజు తిరగ కలిపే మనుషులకు 2,200. మొత్తం 22,975 రూపాయలు. చేతికొచ్చే పచ్చడి 140 కిలోలు. అంటే కిలో 164 రూపాయలు.

ఈ లెక్కలో నూనె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆవకాయ అనగానే అందరూ కాయ ధర గురించే ఆరా తీస్తారు. ఖర్చులో కాయ వాటా నూటికి 17 రూపాయలే, నూనె వాటా 44. కాయ కిలోకు 10 రూపాయలు పెరిగితే పచ్చడి మీద కిలోకు 7 రూపాయలు పడుతుంది. నూనె కిలోకు 50 పెరిగితే 10 రూపాయలు దాటుతుంది. బేరం ఆడాల్సిందీ, రెండు మూడు చోట్ల ధర అడగాల్సిందీ నూనె దగ్గర. అలాగని నూనె తగ్గించి కలిపితే ముక్క మునగదు, పైకి తేలిన ముక్క మీద బూజు కడుతుంది. ఆ ఏడాది మిగిల్చిన నూనె డబ్బులు తిరిగొచ్చిన సీసాల్లో పోతాయి. వేరుశనగ నూనె కలిపి ధర తగ్గించేవాళ్లున్నారు. కలపడం తప్పు కాదు. కలిపి లేబుల్ మీద నువ్వుల నూనె అని మాత్రమే వేయడం చట్టవిరుద్ధం. పదార్థాల జాబితా, వాడిన పరిమాణం ఎక్కువున్నదాన్నుంచి తక్కువున్నదాని దాకా వరసగా, ఉన్నదున్నట్టు రాయాలి.

ఇక సీసా. అరకిలోకు సీసా, మూత, సీలు, లేబుల్, అట్టపెట్టెలో దాని వాటా కలిపి 22 రూపాయలు వేసుకుంటే కిలోకు 44. రవాణా కిలోకు 12. అన్నీ కలిపి 220 అయింది. పన్ను కాకుండా దుకాణానికి 320కి వేశారనుకుందాం. మిగిలింది 100 రూపాయలు. పత్రికల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. ఏడాదికి 2,000 కిలోలు అమ్మితే రెండు లక్షల లాభమని రాసేస్తారు.

ఆ వందలోంచి ఇంకా తీయాల్సినవి ఉన్నాయి. దుకాణం నుంచి తిరిగొచ్చినవి, కారినవి, గడువు దాటినవి నూటికి ఐదు కిలోలు అనుకుంటే కిలోకు 11 రూపాయలు పోతాయి. వేసవిలో పెట్టిన సరుకు ఏడాది పొడవునా అమ్ముడవుతుంది కాబట్టి సగటున ఆరు నెలలు డబ్బు అందులో ఇరుక్కుంటుంది. 11 శాతం వడ్డీ చొప్పున కిలోకు 9 రూపాయలు. మిగిలింది 80. ఇక అమ్మినా అమ్మకపోయినా కట్టాల్సినవి: గది అద్దె నెలకు 5,000, కరెంటు 1,500, ఏడాదికి లెక్కలు రాసినందుకూ లైసెన్సులకూ ఫోనుకూ కలిపి 12,000, గ్రైండరూ సీలింగ్ యంత్రమూ అరుగుదల 14,000. మొత్తం ఏడాదికి 1,04,000. 2,000 కిలోల మీద వచ్చిన 1,60,000లోంచి ఇది తీసేస్తే 56,000 మిగులుతుంది. నెలకు 4,700 కూడా లేదు. భార్యాభర్తలిద్దరూ పనిచేసే యూనిట్‌లో అది ఇద్దరి సంపాదన. ఇద్దరూ బయట రోజుకు 500 కూలికి, నెలకు 26 రోజులు వెళితే 26,000 వస్తుంది.

అందుకే మొదట వేయాల్సిన లెక్క లాభం లెక్క కాదు, యజమాని కూలి లెక్క. ఇద్దరికీ నెలకు 13,000 చొప్పున ఏడాదికి 3,12,000 కూలి, దానికి 1,04,000 స్థిర ఖర్చు కలిపి 4,16,000. కిలోకు 80 చొప్పున భాగిస్తే 5,200 కిలోలు. ఏడాదికి అన్ని కిలోలు అమ్మగలిగితే కూలి గిడుతుంది. లాభం అన్న మాట ఆ తర్వాతి కిలో నుంచి మొదలవుతుంది. అరకిలో సీసాల్లో చూస్తే 10,400 సీసాలు, రోజుకు 28 పైచిలుకు. ఇద్దరు ముగ్గురు బంధువులు, వీధిలో పది ఇళ్లు మెచ్చుకున్నంత మాత్రాన చేరగలిగే అంకె కాదది. మొదలుపెట్టే ముందే ఈ సీసాలు ఏ దుకాణాలకు, నెలకు ఎన్నెన్ని వెళతాయో కాగితం మీద పేర్లతో రాసుకోవాలి. రాయలేకపోతే ఉన్న ఉద్యోగం అప్పుడే మానకూడదు.

కూలి అన్నది లెక్కలోనే ఉంటే చాలదు, నెలనెలా ఒక తేదీన యూనిట్ ఖాతా నుంచి ఇంటి ఖాతాకు వెళ్లాలి. రెండు ఖాతాలూ వేర్వేరుగా ఉండాలి. ఒకే ఖాతా ఉన్నచోట పిల్లల ఫీజు కట్టినప్పుడు నూనె డబ్బు పోతుంది, నూనె కొన్నప్పుడు ఇంటి కిరాణా ఆగుతుంది, ఏడాది చివర వ్యాపారంలో మిగిలిందా, ఇంటిని తిన్నదా అన్నది ఎవరికీ తెలియదు. బ్యాంకు కూడా ఆ ఖాతా చూసి అమ్మకాలు ఎంతో పోల్చుకోలేదు.

ఇప్పుడు రెండో లెక్క, మా దృష్టిలో దీనికన్నా ముఖ్యమైనది. 5,200 కిలోల ఆవకాయకు, కిలో 164 చొప్పున, సరుకు కింద పెట్టాల్సింది 8,50,000 దాటుతుంది. అది నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టే డబ్బు కాదు. కాయ మే నుంచి జూన్ తొలి వారాల దాకానే. వానలు పడ్డాక ముక్క మెత్తబడుతుంది, గాలిలో తేమకు బూజు భయం. మిర్చి అంతకన్నా ముందే కొనాలి. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట జనవరి నుంచి వస్తుంది, మేలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. అందుకని తేజ రకం అయినా 334 రకం అయినా ఏప్రిల్ లోపే కొని, తొడిమ తీయించి, ఎండబెట్టి పెట్టుకోవాలి. తయారు కారం చౌకగా దొరికిందని మేలో మూట కొంటే, అందులో రంగు కలిపి ఉంటే పట్టుబడేది పచ్చడి సీసా మీద పేరున్నవాళ్లు. కాబట్టి మిరపకాయగా కొని మిల్లు దగ్గర నిలబడి ఆడించుకోవడమే మేలు. మొత్తం మీద ఏడాది పెట్టుబడి ఫిబ్రవరిలో మొదలై జూన్‌తో అయిపోతుంది, రాబడి మరుసటి ఏడాది మే దాకా చుక్కచుక్కగా వస్తుంది.

బ్యాంకులు ఇచ్చే అప్పు ఈ తీరుకు సరిపోదు. యంత్రానికి టర్మ్ లోన్ దొరుకుతుంది, వాయిదా కొద్ది నెలల్లోనే మొదలవుతుంది. సరుకు కోసం ఇచ్చే క్యాష్ క్రెడిట్‌ను చిన్న యూనిట్లకు రిజర్వు బ్యాంకు వేసిన నాయక్ కమిటీ సూత్రం ప్రకారం కడతారు. ఏడాదికి జరుగుతాయని అంచనా వేసిన అమ్మకాల్లో 20 శాతం బ్యాంకు ఇస్తుంది, 5 శాతం యజమాని పెట్టుకోవాలి. మన యూనిట్ అమ్మకాలు కిలో 320 చొప్పున 16,64,000. అందులో 20 శాతం అంటే 3,32,800. అవసరం ఎనిమిదిన్నర లక్షలు, వచ్చేది మూడుంపావు. ఈ సూత్రం వెనక ఉన్న ఊహ ఏమిటంటే, డబ్బు ఏడాదిలో నాలుగు సార్లు తిరుగుతుందని, అంటే సరుకు కొన్న మూడు నెలలకు మళ్లీ చేతికొస్తుందని. ఫ్యాన్సీ దుకాణానికో, బేకరీకో అది సరిపోతుంది. ఆవకాయలో డబ్బు ఏడాదికి ఒక్కసారే తిరుగుతుంది. మిగతా ఐదు లక్షలకు బంగారం తాకట్టు, చేబదులు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ. యూనిట్ మొదటి ఏడాదే ఈ గోతిలో పడితే, పైన వేసిన 9 రూపాయల వడ్డీ లెక్క ఎక్కడికో పోతుంది.

ఆ 20 శాతం గరిష్ఠ పరిమితి కాదని, కనీసం ఇవ్వాల్సిందని దరఖాస్తు పెట్టేవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. సరుకు తిరిగే కాలం ఎక్కువైతే ఎక్కువ పరిమితి అడగొచ్చు. అందుకు బ్యాంకుకు చూపించాల్సింది ఏడాది లాభనష్టాల అంచనా ఒక్కటే కాదు, నెలవారీ నగదు పట్టిక. పన్నెండు గళ్లు గీసి ఏ నెలలో ఏమి కొంటామో, ఎంత చెల్లిస్తామో, ఏ నెలలో ఎంత వసూలవుతుందో రాస్తే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఖాతా ఎంత లోతుకు దిగుతుందో కనబడుతుంది. ఆ లోతు ఎంతో అంత పరిమితి వేసవికి, మిగతా నెలలకు తక్కువ పరిమితి అని అడగాలి. అన్ని శాఖల్లోనూ ఒప్పుకుంటారని చెప్పలేం. పట్టిక లేకుండా అడిగితే మాత్రం ఒప్పుకోవడానికి వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఇక పట్టికను మార్చుకునే దారి వంటింట్లోనే ఉంది. ఏడాది సరుకంతా మేలో కలిపేయాల్సిన పని లేదు. పెద్ద కంపెనీలు ముక్కను గాఢమైన ఉప్పునీటిలో పీపాల్లో నిలవపెట్టి, ఆర్డరును బట్టి కారం, నూనె కలుపుతాయి. చిన్న యూనిట్లూ సగం సరుకుకు ఆ పని చేయొచ్చు. 5,200 కిలోల పచ్చడికి కావాల్సిన కాయ 3,700 కిలోలు, ఒకటిన్నర లక్షల లోపే. అంతా అలా నిలవపెట్టినా ఉప్పుకూ కోతకూ కలిపి మేలో రెండు లక్షల చిల్లర చాలు, నూనె నెలనెలా కొనుక్కోవచ్చు. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. ఊరిన ముక్కకు కొత్తావకాయ కరకర రాదు, ఉప్పు విడిచేలా కడిగి ఆరబెట్టే పని అదనం, తడి మిగిలితే బూజు. అందుకని తాజా ఆవకాయ కావాలని వేసవిలోనే కొనేవాళ్లకు సరిపడా అప్పుడే కలిపి, మిగతాది ఇలా దాచుకోవడం నయం. మాగాయ ఎలాగూ ఈ దారిలోనిదే. ఉప్పు పట్టించిన ముక్కను పిండి, ఎండబెట్టి, ఊటను విడిగా కాపాడుకుంటే కావాల్సినప్పుడు కారం కలిపి పోపు పెట్టుకోవచ్చు. వీటికి తోడు కంది పొడి, కారప్పొడి, కరివేపాకు పొడి లాంటివి. పొడిలో మిగులు తక్కువైనా వారంలో చేసి నెలలో అమ్మేయొచ్చు. అద్దె, కరెంటు ఖర్చును ఆవకాయ ఒక్కటే మోయాల్సిన పని లేకుండా చేసేవి అవే. ఆవకాయ ఒక్కటే నమ్ముకుని గది అద్దెకు తీసుకోవద్దని ఎవరడిగినా చెబుతాం.

సరుకు దుకాణానికి చేరాక అరువు మొదలవుతుంది. సగటున 45 రోజుల బాకీ ఉంటే, నెలకు 433 కిలోల అమ్మకం మీద ఎప్పుడూ రెండు లక్షలకు పైగా బయటే ఉంటుంది. పాత బిల్లు తీరిస్తేనే కొత్త సరుకు అన్న మాట మొదటి రోజే అనుకోవాలి, మధ్యలో తెస్తే చెల్లదు. చట్టం చిన్న తయారీదారు పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదున్న సూక్ష్మ, చిన్న యూనిట్ నుంచి సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులో, అదీ 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను నిబంధన కూడా మారింది. గడువులో చెల్లించని బాకీని, చెల్లించేదాకా కొన్నవాళ్లు తమ ఖర్చుగా చూపుకోలేరు. పెద్ద దుకాణాల లెక్కల విభాగానికి ఈ మాట బాగా తెలుసు. అందుకే బిల్లు మీద ఉద్యమ్ నంబరు, గడువు తేదీ అచ్చువేయించుకోవాలి. ఉద్యమ్ నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆధార్‌తో ఉచితంగా జరుగుతుంది, డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. ఆ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే బాకీల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దాకా వెళ్లొచ్చు. ఎవరి మీద ఫిర్యాదు పెట్టామో ఆ దుకాణం మళ్లీ సరుకు తీసుకోదన్నదీ నిజమే. కాబట్టి అది వదులుకోదలచుకున్న ఖాతాదారు మీద వాడే ఆయుధం. వదులుకోలేని ఖాతాదారు దగ్గర పనిచేసేది, ఒక్కరి మీద అమ్మకాల్లో పావు వంతుకు మించి ఆధారపడకపోవడం.

మన రెండు రాష్ట్రాల వాళ్లు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. పదహారు లక్షల అమ్మకాలున్న యూనిట్ ఏ రాష్ట్రంలో ఉన్నా ఆ లోపే కదా అనుకుంటారు. కానీ ఈ పరిమితి సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పచ్చడిలాంటి సరుకును వేరే రాష్ట్రానికి ఒక్క పెట్టె అమ్మినా నమోదు తప్పనిసరి. తెనాలి నుంచి హైదరాబాద్‌కు, ఖమ్మం నుంచి విజయవాడకు బస్సు పార్శిల్‌లో వేసే పచ్చడి 2014 జూన్ నుంచి రాష్ట్రం దాటుతున్నట్టే లెక్క. ఒక శాతం కట్టి ఊరుకునే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి అమ్మనే కూడదు. బంధువులకు పంపినట్టు పంపితే ఏమీ కాదన్న సలహా ఎంతమంది ఇచ్చినా, యూపీఐలో డబ్బు తీసుకున్న ప్రతి సీసాకూ ఖాతాలో జాడ ఉంటుంది. హైదరాబాద్ ఆర్డర్లు లేకుండా యూనిట్ నడవదు అనుకుంటే నమోదు చేయించుకుని, మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి ఎంచుకుని, ఆ ఖర్చు ధరలో కలుపుకోవాలి. ఆ మూడు నెలల్లో అమ్మకం లేకపోయినా రిటర్ను వేయాల్సిందే. ఆలస్య రుసుము రోజుల లెక్కన పెరుగుతుంది. అమెరికాలోని తెలుగువాళ్ల ఆర్డర్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఇంకో మార్పు గమనించాలి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఆ దేశం 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. పాత కొరియర్ ధరల మీద వేసిన అంచనాలు ఇక పనికిరావు.

లైసెన్సుల గురించి క్లుప్తంగా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) ఇచ్చే 14 అంకెల నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, నికర బరువు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, శాకాహార గుర్తు, ఫిర్యాదులకు ఫోను నంబరు లేబుల్ మీద ఉండాలి. తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు చేయించుకోవడం చాలామంది మరిచిపోతారు. అది ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో జరగాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ముద్ర వేయించాలి. లేబుళ్లు చౌకని ఒకేసారి పదివేలు అచ్చు వేయించుకుంటే, ధరో చిరునామానో మారిన రోజు అవన్నీ చెత్తబుట్టకే.

కిలోకు 11 రూపాయల నష్టంలో ఎక్కువ భాగం కారడం వల్ల వచ్చేదే, దాన్ని ఆపడం మన చేతిలో పని. సీసా అంచు మీద నూనె చుక్క ఉంటే సీలు అతుక్కోదు, అతుక్కున్నట్టు కనబడి లారీ ఎండలో ఊడుతుంది. నింపాక అంచును లోపలా పైనా పొడి గుడ్డతో తుడవాలి, గుడ్డ నూనె పీల్చుకున్నాక మార్చాలి. మెడ దాకా నింపకుండా వేలెడు ఖాళీ వదలాలి, లేకపోతే ఎండకు నూనె వ్యాకోచించి మూతను తోస్తుంది. కలిపిన రోజే సీసాలకు ఎత్తకూడదు. ముక్క ఊరి, ఊట దిగి, నూనె పైకి తేలాక మళ్లీ కలిపి ఎత్తితే ఒక సీసాలో ముక్కలు, ఇంకో సీసాలో పిండి అన్న ఫిర్యాదూ ఉండదు. సీలు వేసిన సీసాలను ఒక రాత్రంతా కాగితం మీద తలకిందులుగా నిలబెట్టి చూస్తే కారేది పొద్దున్నే దొరికిపోతుంది. దుకాణంలో కారి పక్కవాళ్ల బిస్కెట్ పెట్టె మీద పడేదానికన్నా అది చాలా చౌక. ప్రతి బ్యాచ్‌లో రెండు సీసాలు గడువు తీరేదాకా మన దగ్గరే ఉంచుకోవాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు తప్పు మన దగ్గర జరిగిందా, దుకాణం ఎండలో పెట్టిందా అన్నది తేల్చేవి అవే.

సబ్సిడీ పథకాల ప్రకటనలను మీరు మొదటి పేజీలో వేస్తారు కాబట్టి వాటి గురించి రెండు మాటలు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలో ప్రత్యేక వర్గాలకు, అంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితరులకు 35 శాతం వరకు సబ్సిడీ ఉంది. ఆ డబ్బు చేతికి రాదు. యూనిట్ పేరు మీద బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని వచ్చి చూసుకున్నాక అప్పులో జమ అవుతుంది. మధ్యలో మూతపడితే అదీ దక్కదు. సబ్సిడీ డబ్బుతో నూనె కొనొచ్చనుకుని దిగేవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. ముద్రా రుణానికి తాకట్టు అక్కర్లేదు, ప్రభుత్వం గ్యారంటీ ఇస్తుంది. ఆ గ్యారంటీ బ్యాంకుకు. అప్పు తీసుకున్నవాళ్ల బాకీ అలాగే ఉంటుంది, కట్టకపోతే అప్పుల చరిత్ర నమోదుచేసే సిబిల్‌లో పడి రేపు ఇంటి అప్పుకు కూడా అడ్డొస్తుంది.

బీమా విషయంలో ఒక్క హెచ్చరిక. బ్యాంకు పట్టుబట్టి చేయించే పాలసీ చాలాసార్లు యంత్రం విలువకే ఉంటుంది. మే చివర గదిలో ఉన్న యంత్రం లక్ష, సరుకు ఎనిమిది లక్షలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు దుకాణాల్లో సరుకు ఎలా పోయిందో మీ పత్రికే రాసింది. సూక్ష్మ యూనిట్ల కోసం 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఇస్తున్నాయి, వరద కూడా అందులోనే వస్తుంది. సరుకు విలువను వేసవి చివరి అంకెతో రాయించాలి, సరుకు నిజంగా ఉన్న గది చిరునామానే వేయించాలి.

సంపాదకులు గారూ, మీకు మా విన్నపం రెండే మాటలు. స్వయం ఉపాధి కథనం వేసిన ప్రతిసారీ ఆ యూనిట్‌లో ఎంతమంది ఇంటివాళ్లు పనిచేస్తున్నారో, నెలకు తలా ఎంత తీసుకుంటున్నారో అడిగి రాయించండి. పక్కనే పన్నెండు నెలల నగదు పట్టిక చిన్న పెట్టెలో వేయండి. రెండోది, ఈ కథనాలను వేసవిలో కాకుండా డిసెంబరు మొదట్లో వేయండి. మిర్చి ఫిబ్రవరిలో కొనాలి. బ్యాంకులో పరిమితి మంజూరు కావడానికి ఆరేడు వారాలైనా పడుతుంది, మార్చిలో శాఖల్లో ఏడాది చివరి పనులు మొదలైతే కొత్త ఫైలు ముట్టరు. మేలో మీ కథనం చదివి ఉత్సాహపడి బ్యాంకుకు వెళ్లినవాళ్ల చేతికి డబ్బు వచ్చేసరికి చెట్టు మీద కాయ ఉండదు. డిసెంబరులో చదివినవాళ్లకు పట్టిక గీసుకోవడానికీ, దుకాణాల పేర్లు రాసుకోవడానికీ, దరఖాస్తు పెట్టడానికీ వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
పచ్చళ్లు, పొడుల తయారీ యూనిట్ల లెక్కలు చూసేవాళ్లం,
తెనాలి.